చేతులు నేర్చిన భాష

వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చబోయే వేళ మిమ్మల్ని వొక ప్రశ్న అడగబోతున్నాను. విసుక్కోకండి. మీకు స్పానిష్ భాష వచ్చునా?

"అదెక్కడి భాషమ్మా, మాకెందుకొస్తుంది!" అంటారు. వచ్చుననే నేనంటాను. పొద్దున పప్పులో వేశారే టమాటా, అది ఎవరి మాట? మెక్సికో దేశపు పాతకాలం వాళ్ళు తమ నావాత్ల్ భాషలో 'తొమాత్ల్' అన్నదాన్ని స్పెయిన్ వాళ్ళు 'తొమాతే' అన్నారు. మీ పెరట్లో సపోటా వుందా? అదీ అంతే, 'సపోతే'. బొప్పాయి కరీబియన్ దీవుల మాట, స్పానిష్ వాళ్ళ నోట 'పపాయా' అయింది. పిల్లవాడి చేతిలో చాక్లెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. పోర్చుగీసు వాళ్ళ ఓడల మీదుగానో, ఇంగ్లీషు వాళ్ళ నోటి మీదుగానో మనదాకా వచ్చాయి గాని, ఇవన్నీ ముందు స్పానిష్ నోళ్ళలో నలిగిన మాటలే.

ఇక మన మిరపకాయ. దీని కథ ఇంకా బాగుంటుంది. 1492లో కొలంబస్ బయలుదేరింది మిరియాల కోసం. దొరికింది వేరే కారం. మిరియాన్ని స్పానిష్‌లో 'పిమియెంతా' అంటారు. కొత్తగా దొరికిన కారపు కాయను 'పిమియెంతో' అన్నారు. మనవాళ్ళు ఏం చేశారు? పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు ఈ కాయను తెచ్చేదాకా మన కూరల్లో కారమంటే మిరియమే. ఆ మిరియం పేరే పట్టుకుని కొత్తకాయను మిరపకాయ అన్నాం. సముద్రాల అవతల వాళ్ళకూ, కృష్ణ ఒడ్డున మనకూ వొకే ఆలోచన వచ్చింది చూశారా! మెక్సికోలో మాత్రం దాన్ని ఈనాటికీ 'చీలే' అనే అంటారు. పత్తి కూడా అంతే. మన తాతల కాలంలో నల్లరేగడిలో వేసిన నాటు పత్తి వేరు. ఇప్పుడు మన చేలల్లో వున్న పత్తి చాలావరకు మెక్సికోలో పుట్టిన జాతే.

నాది పర్చూరు వైపు పల్లెటూరు. నేను పుట్టినప్పుడు అది గుంటూరు జిల్లా. 1970లలో ప్రకాశం అయింది, 2022లో బాపట్ల అయింది. మా ఇల్లు కదల్లేదు, జిల్లాలే కదిలాయి. చుట్టూ మిరప, పత్తి, పొగాకు. మూడూ అమెరికా ఖండం పంటలే. పంటలు వచ్చాయి గాని వాటి వెంట భాష రాలేదని అనుకునేదాన్ని. నా అరవై ఎనిమిదో ఏట అదీ వచ్చింది, ఆరేళ్ళ మనవరాలి చేతుల మీదుగా.

మా అమ్మాయి వాళ్ళు టెక్సస్‌లో వుంటారు. అక్కడికి వెళ్ళి ఆరు నెలలు వున్నాను. మనవరాలికి తెలుగు అర్థమవుతుంది, నోరు మాత్రం తిరగదు. నా ఇంగ్లీషు బడిపంతులమ్మ ఇంగ్లీషు, దానికి నచ్చదు. ఇద్దరం వొకరి మొహం వొకరం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. దాని బడిలో సగం పాఠాలు ఇంగ్లీషులో, సగం స్పానిష్‌లో. వొకరోజు బడి నుంచి వచ్చి నా ఎదుట నిలబడి చేతులు చాచింది. వేళ్ళు వొక్కొక్కటే మడుస్తూ, విప్పుతూ పాట అందుకుంది. నన్నూ మడవమంది. తరవాత తల, భుజాలు, మోకాళ్ళు తాకడం, గుండ్రంగా తిరగడం, గెంతడం. "సాల్తా, అమ్మమ్మా, సాల్తా!" అంటుంది. గెంతమని. కీళ్ళనొప్పుల దాన్ని గెంతమంటే ఏం గెంతను? మంచం పట్టుకుని వొక అంగుళం లేచాను. అది పకపకా నవ్వింది. అంతే, ఆ సాయంత్రం నుంచి మాకు వొక భాష దొరికింది. దానిదీ కాదు, నాదీ కాదు. ఇద్దరం కలిసి నేర్చుకుంటున్నది.

వారం తిరిగేసరికి నాకు 'లెవాంతాతే' అంటే లేవడమనీ, 'సియెంతాతే' అంటే కూర్చోవడమనీ తెలిసిపోయింది. ఎవరూ అర్థం చెప్పలేదు. వొళ్ళే చెప్పింది. ముప్పై అయిదేళ్ళు ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఇదేమిటి చెప్మా అని వెతికాను.

చేతులూ కాళ్ళూ ఆడిస్తూ పాడే పాటను బడిలోకి పాఠంగా తెచ్చినవాళ్ళలో మొదట చెప్పుకోవలసినవాడు జర్మనీ దేశపు ఫ్రోబెల్. 1837లో చిన్నపిల్లల కోసం వొక బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట అని పేరు పెట్టాడు. 1844లో తల్లులు వొడిలో బిడ్డలతో పాడుకునే వేళ్ళ ఆటలనూ, పాటలనూ పుస్తకంగా వేశాడు. తల్లి చేసే పనినే చూసి నేర్చుకున్నాడన్నమాట. మన అమ్మమ్మలు చంటిబిడ్డ అరచేతిలో వేలు తిప్పి, ముద్దలు పెట్టి, చంక దాకా వేళ్ళు నడిపించి చక్కిలిగిలి పెట్టడానికి ఏ జర్మనీ పుస్తకం చదివారు? చెమ్మచెక్కలూ, ఒప్పులకుప్పలూ మనకు ఎప్పటినుంచో వున్నాయి. కాకపోతే అవి వాకిట్లో ఆగిపోయాయి, బడి గుమ్మం తొక్కలేదు. బడిలోకి వచ్చినవి దొరసానుల పాటలు. గుంటూరుకు 1842లో హయ్యర్ అనే లూథరన్ ఫాదిరీ వచ్చాడు. ఒంగోలుకు 1866లో బాప్టిస్టు మిషన్ తరఫున క్లౌ దొర వచ్చాడు. మన ఆడపిల్లలు బడికి వెళ్ళడంలో మిషన్ల చేయి ఎంత వున్నదో మీకు తెలుసు. అలాంటి బడిలో చదివిన మా అమ్మ డెబ్భై యేళ్ళ వయసులో కూడా వొక ఇంగ్లీషు పాటను చేతులు తిప్పుతూ పాడేది. అర్థం అడిగితే "ఏమో, అలా తిప్పమన్నారు" అనేది. చేతికీ మాటకీ ముడి పడకపోతే అంతే.

భాష ముందు చెవికీ వొంటికీ పట్టాలి, తరవాతే పుస్తకం అన్న మాట మన దగ్గర గట్టిగా పట్టుకున్నవాడు గిడుగు రామమూర్తి పంతులు గారు. ఉత్తర సర్కారు జిల్లాల్లో యేట్స్ అనే బడుల ఇన్‌స్పెక్టరు వుండేవాడు. జనం మాట్లాడే తెలుగు వొకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయని అతనికి వచ్చిన అనుమానమే వ్యావహారిక భాషావాదానికి నిప్పురవ్వ. సవరల భాష నేర్చుకోవడానికి పంతులుగారు వ్యాకరణం వెతుక్కోలేదు, అప్పటికి లేదు కూడా. సవరలను ఇంట్లో పెట్టుకుని, వాళ్ళతో మాట్లాడి నేర్చుకున్నారు. వ్యాకరణం తరవాత ఆయనే రాశారు.

తరవాత రేడియో వచ్చింది. 1938లో మద్రాసు కేంద్రం మొదలైంది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్య, అక్కయ్య అయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం కూడా వచ్చింది. మా వూళ్ళో పంచాయతీ రేడియో ముందు కూర్చుని పిల్లల కార్యక్రమంలో పాట వినడం, వింటూనే లేచి అభినయం కట్టడం నాకు జ్ఞాపకం. రేడియోలో చేతులు కనపడవు కదా, మరి అభినయం ఎవరు నేర్పారు? మేమే కల్పించుకునేవాళ్ళం. సరిగ్గా ఆ కాలంలోనే, 1934 నుంచీ, మెక్సికో నగరపు రేడియోలో గబిలోందో సోలేర్ అనే ఆయన 'క్రీ క్రీ' అనే కీచురాయి పేరుతో పిల్లలకు పాటలు పాడేవాడట. మిరప పుట్టిన దేశంలోనూ, మిరప పండే దేశంలోనూ పిల్లలు వొకేసారి రేడియో ముందు చేరారన్నమాట. చిలీ దేశంలో గాబ్రియేలా మిస్త్రాల్ అనే పల్లెటూరి పంతులమ్మ పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే పాటలు రాసింది. 1924లో వచ్చిన ఆమె పుస్తకంలో వున్నాయవి. 1945లో లాటిన్ అమెరికాకు మొట్టమొదటి నోబెల్ సాహిత్య బహుమతి తెచ్చింది ఆవిడే. పంతులమ్మలంటే చిన్నచూపు చూసేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

ఇక నా మోకాళ్ళ సంగతి, అదే, గెంతుతూ నేర్చుకునే సంగతి. కాలిఫోర్నియాలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో దీన్ని పరీక్షించి చూశాడు. మొదట జపాన్ భాష, తరవాత రష్యన్, జర్మన్, స్పానిష్. పంతులు 'లే' అంటాడు, తను లేస్తాడు. పిల్లలూ లేస్తారు. 'నడు' అంటాడు, నడుస్తారు. ఎవరినీ మాట్లాడమనడు. ఎన్నాళ్ళయినా సరే, మాట్లాడకపోతే తప్పులేదు. వొళ్ళు వింటున్నది కదా! చంటిబిడ్డ ఏడాదికి పైగా నోరు విప్పకుండానే 'అత్తెలా తిప్పు, తాతకు దండం పెట్టు' అంటే చేస్తుంది కదా, అదే దారి. మాట తనంతట తనే వచ్చినప్పుడు వస్తుంది. ఈ విషయం మీద ఆయన పుస్తకం 1977లో వచ్చింది. పాట చేర్చితే ఇంకా సుళువు. హోసే లూయిస్ ఒరోస్కో అనే మెక్సికో గాయకుడు లాటిన్ అమెరికా దేశాల వేళ్ళ ఆటలూ, అభినయ గేయాలూ పోగుచేసి 1997లో 'పది చిట్టి వేళ్ళు' అనే అర్థం వచ్చే పేరుతో వేశాడు. మనవరాలి బడి లైబ్రరీ నుంచి ఆ పుస్తకం మా ఇంటికి వచ్చింది.

ఆ ఇంటికి రెండిళ్ళ అవతల వొక మెక్సికన్ ముసలామె వుండేది. సాయంత్రం నడకలో వొకరికొకరం చెయ్యి వూపుకునేవాళ్ళం. వొకరోజు మనవరాలు ఆమె వాకిట్లో నిలబడి వేళ్ళ పాట మొత్తం పాడింది. ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను కంగారుపడ్డాను. మా అమ్మాయి మాట కలిపి అడిగితే చెప్పింది. ఆమె చదువుకునే రోజుల్లో బడి ఆవరణలో స్పానిష్ మాట నోట వస్తే అరచేతి మీద దెబ్బ పడేదట. తన పిల్లలకు అందుకే ఆ భాష నేర్పలేదట. తన మనవలకు ఈ పాట రాదట. "ఎక్కడో ఇండియా పిల్ల వచ్చి పాడుతున్నది" అందట.

ఇంటికి వచ్చాక మా అమ్మాయి చేత టెక్సస్ చరిత్ర వెతికించాను. నిజమే. 1918లో అక్కడ చట్టం చేశారు, బడిలో ఇంగ్లీషు తప్ప వేరే భాషలో పాఠం చెప్పడం నేరమని. పశ్చిమాన మార్ఫా అనే చిన్న వూళ్ళో మెక్సికన్ పిల్లలకు బ్లాక్‌వెల్ బడి అని వుండేది. 1954లో ఆ బడిలో పిల్లలందరి చేతా చీటీల మీద 'నేను స్పానిష్ మాట్లాడను' అని రాయించి, పెట్టెలో పెట్టి, జెండా కర్ర దగ్గర గొయ్యి తవ్వి పాతిపెట్టించారు. 'మిస్టర్ స్పానిష్' గారికి అంత్యక్రియలు! తల్లి భాషకు ఆ పిల్లల చేతనే గొయ్యి. 1965లో ఆ బడి మూతపడింది. 2007లో పాత విద్యార్థులు, అప్పటికి అవ్వలూ తాతలూ అయినవాళ్ళు, కూడుకుని వొక స్పానిష్ నిఘంటువును మట్టిలోంచి పైకి తీసినట్టు వేడుక చేశారు. 2022లో ఆ బడిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటిస్తూ చట్టం వచ్చింది.

చట్టాలు కూడా తిరిగాయి లెండి. రెండు భాషల్లో చదువు చెప్పే బడులకు డబ్బు ఇచ్చే చట్టం మీద 1968లో సంతకం పెట్టిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్, కుర్రవాడుగా వున్నప్పుడు కొటుల్లా అనే టెక్సస్ వూళ్ళో మెక్సికన్ పిల్లల బడిలో పంతులు. ఆ రోజుల్లో ఆటస్థలంలో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని పట్టుబట్టేవాడట. 1973లో టెక్సస్ కూడా రెండు భాషల చదువుకు చట్టం చేసింది. కొట్టించుకున్న భాషే ఇప్పుడు మా మనవరాలి బడిలో పాటై గెంతుతున్నది.

మార్ఫా చీటీల సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. దాచుకోవడం దేనికి?

రిటైరయ్యాక నాలుగేళ్ళు మన జిల్లాలోనే వొక ఇంగ్లీషు మీడియం బడిలో చిన్న క్లాసులకు చెప్పాను. తెలుగు మాట వస్తే రూపాయి జరిమానా. ఆ రూపాయిలు వేసే బిస్కెట్ల డబ్బా నా బల్ల మీద వుండేది. డబ్బా నిండితే పిల్లలకే పప్పుండలు కొనేవాళ్ళం. అందుకని తప్పనిపించలేదు. మిరప రైతు కొడుకు వొకడు, అయిదేళ్ళవాడు, కొత్తగా చేరాడు. మొదటి వారంలో "టీచర్, వొంటేలు" అని లేచాడు. నేను డబ్బా చూపించాను. రెండోరోజు మళ్ళీ అడిగాడు, మళ్ళీ చూపించాను. ఆ తరవాత వాడు అడగడం మానేశాడు. కూర్చున్న చోటనే తడిపేసుకునేవాడు. వాళ్ళమ్మ చేతిలో పొడి లాగు పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. "వాడు ఇంట్లో బాగానే మాట్లాడతాడండీ" అనేది, తప్పు తనదైనట్టు. మూడు నెలలు నా క్లాసులో ఆ పిల్లవాడి గొంతు నేను వినలేదు.

వొక శనివారం పాటల పీరియడ్‌లో అందరూ ఇంగ్లీషు పాటకు చేతులు తిప్పుతుంటే వాడూ తిప్పాడు. నోరు మెదపలేదు గాని వొక్క అభినయం తప్పలేదు. వానకు వానలాగా, చెట్టుకు చెట్టులాగా. 'వీడికి అంతా తెలుసే!' అనుకున్నాను. అనుకుని వూరుకున్నాను. నోట రానిదే మార్కు లేదు కదా. ఆషర్ చెప్పిన మౌనం నా కళ్ళ ముందే కూర్చుని వున్నది, నేను దాన్ని మొండితనం అని రిపోర్టు కార్డులో రాశాను. మరుసటి ఏడు వాళ్ళు వేరే బడికి మార్చారు. 2009లో కడప జిల్లా మైదుకూరులో వొక బడి పిల్లల మెడలో 'తెలుగు మాట్లాడను' అని పలకలు వేలాడదీశారని పేపర్లో వచ్చినప్పుడు నేను కూడా అందరిలాగా 'ఎంత దారుణం' అన్నాను. నా బిస్కెట్ల డబ్బా నాకు గుర్తు రాలేదు. మార్ఫా పెట్టె చూశాక గుర్తొచ్చింది.

ఇంగ్లీషు వద్దని నేననడం లేదు సుమా. మన పిల్లలు ఎన్ని భాషలు నేర్చుకుంటే అంత మంచిది. అనంతపురంలో ఫెర్రర్ గారు 1969లో మొదలుపెట్టిన సంస్థ పల్లెటూరి పిల్లలకు స్పానిష్ మొదలైన విదేశీ భాషలు నేర్పి వుద్యోగాలకు పంపింది. వ్యవసాయ కూలీల బిడ్డలు స్పానిష్ మాట్లాడుతుంటే ఎంత ముచ్చట! హైదరాబాదులో విశ్వవిద్యాలయమే వున్నది విదేశీ భాషలకు. నేర్చుకోవడానికి వొక భాష నోరు నొక్కాలా అన్నదే నా బాధ.

టెక్సస్‌లో మిగిలిన నాలుగు నెలలూ నేను వొక పని చేశాను. స్పానిష్ పాట వొకటి మనవరాలు నేర్పితే, దానికి బదులు నేను మన ఆట వొకటి. అరచేతిలో పప్పు రుబ్బడం, చేతులు పట్టుకుని గిరగిరా తిరగడం, గుడ్డిగవ్వలు, చింతపిక్కలు. 'లే' అంటే లేచేది, 'కూర్చో' అంటే కూర్చునేది. మాట్లాడమని నేననలేదు. బల్ల మీద డబ్బా లేదు. అది నన్ను బడిలో నేర్చిన మాటతో 'అబ్వేలా' అని పిలిచేది, అంటే అమ్మమ్మే. సరదాగా వున్నప్పుడు అబ్వేలా, నిద్ర వచ్చినప్పుడు అమ్మమ్మ. నేను తిరిగి వచ్చేనాటికి కూడా తెలుగులో వొక పూర్తి వాక్యం దాని నోట రాలేదు. మా అల్లుడుగారు "ఇంక రాదు లెండి అత్తయ్యగారూ" అన్నారు. నేను నవ్వి వూరుకున్నాను.

క్రిస్మస్ సెలవులకు వాళ్ళు వూరికి వచ్చారు. మొదటి కోత మిరపకాయలు కల్లంలో ఎర్రగా పరిచి వున్నాయి. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చిన కూలీల పిల్లలు నలుగురైదుగురు అక్కడే ఆడుకుంటున్నారు. మా పిల్ల పది నిమిషాలు దూరంగా నిలబడి చూసింది. తరవాత వాళ్ళ మధ్యకు వెళ్ళి "సాల్తా!" అని గెంతింది. వాళ్ళూ గెంతారు. ఏ భాష అని ఎవరూ అడగలేదు. కాసేపటికి ఆ పిల్లల్లో పెద్దది దీనికి చెమ్మచెక్క నేర్పుతున్నది. మా పిల్లకు చేతులు తెలుసు గదా, ముందే తెలుసు, టకటకా కొడుతున్నది. తరవాత కాయలు ఏరే ఆడవాళ్ళ పక్కన కూర్చుని తాలుకాయలు వేరుచేయడం మొదలుపెట్టింది. వాళ్ళు వొక్కొక్క కాయ చూపించి 'తాలు', 'మంచిది' అంటుంటే అది తీసి ఆ కుప్పలోనో ఈ కుప్పలోనో వేస్తున్నది. "చీలే, చీలే" అని అది అంటే వాళ్ళు నవ్వుతున్నారు.

మధ్యాహ్నం నేను వంటింట్లో వున్నాను. పెరట్లోంచి పెద్ద కేక. రెండు అరచేతులూ చాచుకుని, ఆ చేతులతోనే కళ్ళు నులుముకుని పరిగెత్తుకుంటూ వస్తున్నది.

"అమ్మమ్మా! మంట! చేతులు మంట! కళ్ళు మంట! నూనె రాయి అమ్మమ్మా!"

మా అమ్మాయి మజ్జిగ గిన్నెతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను కొబ్బరినూనె సీసా అందుకున్నాను.